సీటు తొడుగు

కారు ప్రమాదంలో గాయపడిన పెళ్ళికొడుక్కి ప్రాణాపాయం లేదనీ, కుడిచెయ్యి మాత్రం తీసేయక తప్పలేదనీ డాక్టరు చెప్పి వెళ్ళాడు. కొత్త పెళ్ళికూతురు కళ్ళు తుడుచుకుని, కార్ల మెకానిక్ అయిన మరిది వైపు తిరిగింది.

“గోడకి గుద్దుకున్నప్పుడు స్టీరింగులో ఎయిర్ బ్యాగు తెరుచుకుందిగా?”

“రెప్పపాటులో ఉబ్బింది వదినా. అందుకే తల దక్కింది.”

“మరి లారీ పక్కనుంచి గుద్దినప్పుడు?”

“పక్కదెబ్బ ఆపే బ్యాగు సీటులోనే ఉంటుంది, అంచు కుట్టు చీల్చుకుని రావాలి. రాలేకపోయింది.”

“నేను కుట్టిన తొడుగు వల్లేనా?”

అతను తల దించుకుని అవునన్నాడు.

“గట్టిగా ఉండాలని రెండు వరసలు కుట్టాను. మీ అన్నయ్య కనిపించినవాళ్ళందరికీ చూపించి మురిసిపోయారు.”

“నేనూ చూశాను. బ్యాగుకి అడ్డమని తెలిసీ, మీ సంతోషం చూసి తీసెయ్యమనలేకపోయాను. ఈ మాట అన్నయ్యకి చెప్పకు వదినా.”

“రేపు ఆయనకి మెలకువ రాగానే నా తప్పు నేను చెప్తాను. నువ్వూ రా. నీ మాట నువ్వే చెప్పుకుందువు.”