వంద కోట్ల ఒకటి

ఆయన రాసిన లెక్కల పుస్తకంలో తప్పు పట్టిన పాఠకుడి ఉత్తరం భోజనాల బల్ల మీద ఉంది. భార్యాభర్తల వాదన అరగంటగా సాగుతోంది.

“సాపు ప్రతి రాసింది నువ్వేగా. ‘నకలు రాసినవారి పొరపాటు’ అని సవరణ వేస్తే నీకేం తరిగిపోతుంది?”

“వంద కోట్ల ఒకటిని ఇంకే సంఖ్యా భాగించదని రాసింది మీరు.”

“అంత పెద్ద సంఖ్యని ఎవరు చూడొచ్చారనుకున్నా.”

“నేను చూశాను. అటు చివర ఒకటి, ఇటు చివర ఒకటి, మధ్యలో ఎనిమిది సున్నాలు. అంకెలు ఒకటి విడిచి ఒకటి కూడితే వచ్చే రెండు మొత్తాలూ సమానమే. అంటే పదకొండుతో శేషం లేకుండా పోతుంది. మీ చిత్తుప్రతి అంచునే రాశాను.”

“పెన్సిల్‌తో రాశావు.”

“అవును. మీరు చెరిపేసి, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూడమన్నారు.”

“ఇరవై ఏళ్లుగా సంపాదించుకున్న పేరు నాది. పోవడానికి నీకు పేరెక్కడుంది?”

ఆమె ఉత్తరం మడిచి పక్కన పెట్టింది. పిల్లలూ అత్తగారూ వచ్చి కూర్చున్నాక, వడ్డిస్తూ పిల్లలతో నెమ్మదిగా చెప్పింది.

“తప్పు మీ నాన్నదేనని ఈ ఉత్తరానికి నేనే జవాబు రాస్తున్నాను. ఇక నా లెక్కల పుస్తకం నేను రాసుకుంటాను. రేపటి నుంచి పగలంతా ఈ బల్ల నాది.”