రాపూరు కొండకు వేసిన లంగరు

"మగ్దలీనమ్మక్కా, మా బావకి టీ ఇయ్యి, చక్కెర కొంచెం ఎక్కువెయ్యి. ఈ మాథ్యూని చెయ్యి పట్టుకుని ఇంట్లోంచి లాక్కొచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. నా చెల్లెలు ఫేబీ చనిపోయినప్పట్నుంచీ మనిషి గడప దాటలా, నోరు విప్పలా. ఆదివారంతో చేపలవేట నిషేధం అయిపోతుంది, సోమవారం మా పడవ నీళ్ళలోకి దిగాల, వస్తావా బావా అంటే తల అడ్డంగా ఊపుతాడే గానీ రానని కూడా చెప్పడు. ఆయన లేకుండా నేను పడవెక్కేది లేదు, అది వేరే మాట. సరేలే బావా, నువ్వేం మాట్లాడొద్దు, ఊరికే కూచో. మాట్లాడేదానికి నేను లేనా?"

జువ్వలదిన్నె రేవు దగ్గర టీకొట్టు బెంచీ మీద రూఫస్ కాళ్ళు పైకి మడుచుకుని కూచున్నాడు. పాలక్యాను దించను వచ్చిన ఓబులేసు "ఈ పూట ఏం కోస్తావన్నా?" అంటా పక్కన చేరినాడు. మాథ్యూ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, సముద్రానికి వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తా ఉన్నాడు.

"కోతలు కాదబ్బయా, జరిగిందే. రెండేళ్ళ కిందట, ఇట్టనే నిషేధంలో. వలలు బాగుచేసుకోడం కూడా అయిపోయింది, ఊరికే కూచోనున్నాం. ఫేబీ వచ్చి, అన్నా, పుట్టినప్పట్నుంచీ నీళ్ళే చూస్తన్నాం, ఒకసారి కొండలు చూసొద్దాం పా అన్నది. ఎట్ట పోదామే అంటే, సైకిళ్ళ మీద అన్నది. సరే, ఆమే నేనూ బావా, మూడు సైకిళ్ళు. నెల్లూరు దాటి పొదలకూరు, పొదలకూరు దాటి రాపూరు. దోవలో నేను టీకి కూడా దిగలా."

"నువ్వు టీకి దిగలేదంటే నేను నమ్మాల," అన్నది మగ్దలీనమ్మ.

"నమ్మొద్దులే, విను. రాపూరు దాటినాక చిట్వేలు పోయే ఘాటురోడ్డు, మలుపు మీద మలుపు. బావకి మొదటి మలుపులోనే ఆయాసం. అప్పుడేం చేసినానో తెలుసా? పడవ కట్టే మోకు తెచ్చుకున్నా గదా, వీళ్ళిద్దరి సైకిళ్ళూ నా సైకిలుకి కట్టి లాగినా. కొంచెం దూరం పోయినాక తూర్పుగాలి తగిలింది. గాలి దొరికితే మనం ఊరుకుంటామా? లుంగీ విప్పి..."

"రోడ్డు మీదనా?"

"లోపల నిక్కరుందిలేక్కా. రెండు కట్టెలు నిలబెట్టి, లుంగీని తెరచాపగా ఎత్తినా. ఇంక చూస్కో, మూడు సైకిళ్ళూ కొండెక్కతా ఆర్టీసీ బస్సుని దాటేసినాయి. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, అన్నా, మా బస్సుకి కూడా మోకు తగిలించవా అన్నాడు. తగిలించినా. పాపం, లోపల పెళ్ళోళ్ళున్నారు, ముహూర్తం దాటిపోతా ఉంది."

రూఫస్ ఓరకంట బావని చూసినాడు. టీ మీద మీగడ కట్టింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఎక్కడం అయిపోయి దిగడం మొదలైంది. మన సైకిళ్ళకి బ్రేకులు యాడుండాయి? ఉప్పుగాలి ఎప్పుడో తినేసింది. మనది చదును నేల, కాలు ఆనిస్తే ఆగుతుంది, బ్రేకు ఎవురికి కావాల? ఆ సంగతి కొండకి తెలవదు గదా. వెనక బస్సు, కింద లోయ. సంచిలోంచి పడవ లంగరు తీసి విసిరినా. పోయి కొండకి పట్టుకుంది. సైకిలు ఆగలా అబ్బయా, కొండే కదిలింది. చెట్లతో సహా మా వెనకాల వచ్చేసింది. కావాలంటే చిట్వేలు పొయ్యి అడుగు, ఈ కొండ మీ ఊరికి ఇంత దగ్గరగా ఎందుకుందని. రూఫస్ లాక్కొచ్చినాడంటారు."

ఓబులేసు నవ్వలేక పొట్ట పట్టుకున్నాడు. రూఫస్ మాత్రం నవ్వలా. గొంతు తగ్గించినాడు.

"అంతా బాగానే జరిగింది గానీ, నా చెల్లెలు ఉత్త పిరికిది. దోవంతా ఒకటే ఏడుపు. అన్నా, నావల్ల కాదు, ఇంటికి పోదామని. చివరికి నా వెనక క్యారియర్ మీద కూచోబెట్టుకుని..."

"ఫేబీ ఏడవలా."

బొంగురు గొంతు. అందరూ అటు తిరిగినారు.

"ఏడవలా బావా," అన్నాడు మాథ్యూ మళ్ళా. "ఏడ్చింది నువ్వు. రెండో మలుపులో పిక్కలు పట్టేసి రోడ్డు మీద కూలబడినావు. మోకూ లేదు, లంగరూ లేదు. అరటిగెలల కోసం చిట్వేలు పోతున్న ఖాళీ లారీని ఆమే ఆపి, నిన్నూ నీ సైకిల్నీ ఎక్కించి పంపింది. నేను దిగి తోసుకుంటా పోయినా. ఆమె దిగలా. పైదాకా తొక్కింది. ప్రతి మలుపులోనూ ఆగి, నేను కనపడిందాకా బెల్లు కొట్టేది."

"మళ్ళా?" అన్నాడు రూఫస్ మెల్లిగా.

"పైకి పోయినాక ఏమన్నదో తెలుసా? తూర్పుకి తిరిగి, అదిగో సముద్రం అన్నది. నాకు ఎండమసక తప్ప ఏం కనపడలా. సముద్రమే కాదు, మన పడవ కూడా కనపడతా ఉంది, దాని నీడలో కుక్క పడుకోనుంది అన్నది." మాథ్యూ మొహంలోకి నవ్వొచ్చింది, దాని వెంటే కళ్ళల్లో నీళ్ళొచ్చినాయి. "నీ చెల్లెలే గదా."

మగ్దలీనమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. మాథ్యూ బెంచీ మీద సముద్రం వైపు తిరిగి, రేవుకి అవతల నీళ్ళని చూసినాడు.

"సముద్రం లోపలికి పోయినాక పడమరగా చూస్తే, ఆ కొండ కనపడతాదా బావా? కనపడితే ఆమె చెప్పింది కోత కాదు."

రూఫస్ కూడా నీళ్ళ వైపు తిరిగినాడు. "తెలవదు బావా. మనం ఎప్పుడూ వల వైపే చూస్తాం."

మాథ్యూ చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు బెంచీ మీద పెట్టినాడు.

"సోమవారం చూద్దాం," అన్నాడు.