కదిలిన రాయి

అధ్యక్ష స్థానంలో ఉన్న ప్రిన్సిపాల్ గారికి, నాకంటే ముందే రిటైరై ఇవాళ నన్ను చూసి జాలిపడటానికి వచ్చిన పెద్దలకు (నవ్వులు), తోటి మాస్టర్లకు, చాటుగా నన్ను 'వాగు మాస్టారు' అని పిలుచుకునే పిల్లలకు నమస్కారం.

పొద్దుటి నుంచి అందరూ నా వెనక గోడ మీదున్న, నేను తీసిన ఈ వాగు ఫొటోనే పొగుడుతుంటే తల ఎత్తలేక కూర్చున్నాను. వినయం అనుకున్నారు. సిగ్గండీ అది.

పారే నీటిని తీసేటప్పుడు కెమెరా కన్ను కాసేపు తెరిచి ఉంచాలనీ, అప్పుడు నీళ్ళు నురగలా సాగిపోయినా పక్కనున్న రాయి మాత్రం రాయిలాగే నిలవాలనీ, మీకు విసుగొచ్చేదాకా చెప్పినవాణ్ణి నేనే. ఇందులో రాయి కూడా పారుతోంది. ఎందుకంటే, నొక్కేటప్పుడు నా చెయ్యి వణికింది.

పోయిన నెల వాగు దగ్గర మా ఆవిడ, "టైమర్ పెట్టి చెయ్యి తీసెయ్యండి, ఎందుకొచ్చిన పంతం?" అంటే, "ఈ వయసులో నాకు నేర్పుతావా?" అని కసిరాను. తను పట్టుకున్న గొడుగు కెమెరా మీదికి జరిపింది. తీసినవన్నీ చెదిరిపోయాయి. కాస్త నయంగా ఉన్నదాన్ని ప్రింటుకిస్తే మన ల్యాబ్ బాబాయ్, అదిగో, చివరి వరసలో మొహం దాచుకుంటున్నాడు, "రాయి కదిలిందేంటి మాస్టారూ?" అనడిగాడు. చెయ్యి జేబులో పెట్టుకుని, "కొత్త పద్ధతిలే" అన్నాను. పాపం, నమ్మి ఊరంతా టముకు వేశాడు. (నవ్వులు)

అక్కడితో ఆగితే ఈ పూలగుత్తి పుచ్చుకుని నోరు మూసుకుని ఇంటికి పోయేవాణ్ణే. ఇందాక బయట మన విద్యార్థిని ఒకమ్మాయి తన ఫొటోలు చూపించింది. నీళ్ళూ బండలూ అన్నీ అలికేసినట్టున్నాయి. "మీ పద్ధతే మాస్టారూ! బటన్ నొక్కగానే కెమెరా స్టాండును కాలితో మెల్లిగా తన్నాను" అంది సంబరంగా. (పెద్దగా నవ్వులు) మీకు నవ్వుగానే ఉంటుంది. నాకు అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది.

అమ్మాయ్, స్టాండును తన్నకు. నీ పాత ఫొటోలే బాగున్నాయి. ప్రిన్సిపాల్ గారూ, దయచేసి దీన్ని దింపించెయ్యండి.

రేపు డాక్టరు దగ్గరికి వెళుతున్నాం. మా ఆవిడ ఎప్పుడో పేరు రాయించిందట. నలుగురి మధ్యా కసరలేనని తెలిసి, ఇందాక ఈ మెట్ల దగ్గర చెప్పింది. నా జబ్బు సంగతి నాకు చెప్పడానికి ఇంట్లో మనిషి ఇన్నాళ్ళూ భయపడింది. ఈ ఫొటోకి పడ్డ సిగ్గు దాని ముందు ఏపాటిది?

ఏమోయ్, ఇలా వచ్చి కాస్త చెయ్యి పట్టుకో, దిగాలి.

ఇంతసేపు ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఇక నాకు సెలవిప్పించండి.