ఆరింటిలో మిగిలిన మూడు ముక్కలు

నా పేరు ఎజ్రా. తండ్రి పేరు కరుణాకరం. వయసు 36 ఏళ్లు. మార్కాపురంలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాను. పలకల గనిలో బండ పడి చనిపోయిన సాగర్ కేసులో ఎస్సై గారు పిలిపించగా 10-01-2025న ఉదయం 11 గంటలకు స్టేషనులో నాకు తెలిసినది చెబుతున్నాను.

మా సంఘానికి ఆరు ఊళ్లలో చర్చిలున్నాయి. దేవుడు తమ బతుకులో చేసిన మేలు గురించి విశ్వాసులు చెప్పే సాక్ష్యాలు రికార్డు చేసి దాచే పని నాది. ఆరు చోట్లా పూర్తి కాపీలు పెట్టాలంటే పెద్ద డిస్కులు కావాలి. అందుకని ఒక్కో రికార్డింగును లెక్క ప్రకారం కలగలిపి ఆరు ముక్కలు చేసి, చర్చికి ఒక చిన్న డిస్కు డబ్బా చొప్పున ఇచ్చి, డబ్బాకొక ముక్క పెట్టాను. ముక్కను విడిగా తెరిస్తే ఒక్క మాటా వినిపించదు. ఏ నాలుగు కలిపినా మొత్తం తిరిగి వస్తుంది. డబ్బాలు ఇచ్చేటప్పుడు అందరికీ ఒకటే చెప్పాను, రెండు పోయినా నష్టం లేదని.

10-11-2024 ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం 12:40కి, సాగర్ చర్చి పక్క గదిలో తన సాక్ష్యం చెప్పాడు. గదిలో మేమిద్దరమే. నా ఫోనులో రికార్డు చేశాను. రాత్రికే దాన్ని ముక్కలు చేసి నెట్ ద్వారా డబ్బాలకు పంపి, ఫోనులోది తీసేశాను. మరునాడు ఉదయం 9 గంటలకు గనిలో అతని మీద బండ పడింది.

బండకు నెర్రె ఉందని ముందే ఎవరూ చెప్పలేదని గని యజమాని అంటున్నాడు. నెర్రెను మేస్త్రీకి చూపించినా దిగమన్నారని, అదంతా సాక్ష్యంలో చెప్పానని సాగర్ ఆ ఆదివారం ఇంట్లో అన్నాడట. ఈ సంగతి అతని భార్య యేసుమణి జనవరి 5న వచ్చి చెప్పేదాకా ఆ రికార్డింగు నాకు గుర్తే రాలేదు.

అప్పటికే కొమరోలు చర్చి డబ్బా వానకు తడిసి చెడిపోయింది. పుల్లలచెరువు చర్చి చూసుకునే జోసెఫ్ గారు తమ డబ్బా చెరిపి క్రిస్మస్ పాటలు నింపుకున్నారు. "రెండు పోయినా ఏం గాదని నువ్వే అంటివి గదా నాయనా" అన్నారు, నేను అడిగాక. డిసెంబరు 20న నేను మార్కాపురం డబ్బా చెరిపి ఒక పెళ్లి వీడియో పెట్టుకున్నాను. కొమరోలుది ఒక్కటే పోయింది, మాదీ పోతే రెండు, రెండు పోయినా నష్టం లేదు అనుకున్నాను. జోసెఫ్ గారు అప్పటికే చెరిపారని నాకు తెలియదు. మాది మూడోది.

జనవరి 6న సాయంత్రం 4 గంటలకు మిగిలిన మూడు డబ్బాలు దుకాణంలో బల్ల మీద పెట్టాను. యేసుమణి వచ్చింది. "మూడుండాయి గదన్నా, ముప్పావు మాటన్నా ఇనపడదా?" అని అడిగింది. ఒక్క మాటా రాదన్నాను. ఆమె గిద్దలూరు డబ్బా తీసుకొని చెవికి ఆనించుకుంది. దానికి కరెంటు వైరు పెట్టలేదని నేను చెప్పలేకపోయాను.

సాగర్ ఏం చెప్పాడో మీరైనా చెప్పండని ఎస్సై గారు అడిగారు. నేను అతనికి మూడడుగుల దూరంలో కూర్చున్నాను. గొంతు సరిగా వస్తోందా లేదా అని ఫోనులో గీతలు చూస్తున్నాను. అతని గోళ్లలో పలక పొడి ఉంది, అది గుర్తుంది. నెర్రె అనే మాట విన్నట్టే ఉంది. అప్పుడే విన్నానో, యేసుమణి చెప్పాక విన్నట్టు అనిపిస్తోందో తెలియదు. రికార్డవుతోంది కదా అని నేను వినలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది. లేచేటప్పుడు సాగర్ "అంతా ఎక్కిందా అన్నా?" అని అడిగాడు. ఎక్కిందని చెప్పాను.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. ఈసారి ప్రతి మాటా విన్నాను. నేను చెప్పినదే ఉంది, అది నిజం.

(సంతకం) ఎజ్రా