సగంలో లేచిపోయిన కస్టమర్

ఆదివారం ఉదయం పదకొండింటికి ఒమాన్‌లో, ఖురంలోని ఒక లేడీస్ సెలూన్‌లో ఒక ఒమానీ కస్టమర్ తల సగం దువ్వించుకుని లేచి వెళ్లిపోయింది. భోజనాల వేళ ఇద్దరు పనివాళ్లు మాట్లాడుకున్నారు. దువ్వినామెది జగిత్యాల, పెద్దామెది కడప.

"నేను తిట్టలేదక్కా. జుట్టు పిచ్చుక గూడు లెక్క ఉందన్న, గంతే."

"హిందీలో అంటివి. వీళ్లకు హిందీ రాదనుకుంటివా? అంగట్లో వాళ్లు మనతో మాట్లాడేది ఏ భాషమ్మే?"

"పక్క కుర్చీ కాడ పనిచేసే పిల్లతోని అన్న. మా అమ్మ నన్ను గట్లనే పిలిచేది. నాయి గూడ రింగులే."

"నీవా? ఎప్పుడు చూసినా తిన్నగానే ఉంటాయి కదా."

"పొద్దున లేవంగనే మిషిన్ పెడ్త."

"యాల?"

"బడిల అందరు నవ్వేటోళ్లు."

"ఆమె మిషిన్ పెట్టమని రాలేదు. తమ్ముని పెళ్లికి రింగులు అట్లే ఉంచి ఆఫ్రో గుండ్రంగా, పెద్దగా చేయమనింది. జాంజిబార్ నుంచి వచ్చిన వాళ్ల అవ్వ జుట్టు ఇట్లనే ఉండేదని నీకు ఫోటో గూడా చూపిచ్చె."

"ఓనర్ మేడం నా వీసా రెన్యువల్ ఆపుతదట. గా ఒక్క మాటకా?"

"ఫోన్ చేసి మాఫీ అడుగు."

"మా దిక్కు అది ముద్దుగ అనే మాటని చెప్త."

"అర్థాలు చెప్పొద్దు తల్లీ! తప్పయిందని చెప్పు, చాలు."

కస్టమర్ ఫోనెత్తింది. క్షమాపణ మొత్తం వింది. రేపు వస్తానని, వేరే అమ్మాయిని పెట్టమని చెప్పింది. వీసా గురించి సాయంత్రం వరకు ఓనర్ ఏమీ చెప్పలేదు.