అంకాచారి ఇనప దిమ్మెలు

అంకాచారని, రంపం మిషను పెట్టుకున్న వడ్రంగి. మన పక్కూరోడేలే, రోడ్డు వారన రేకుల షెడ్డు. పనోడే, కాదనను, కానీ ఆ నోరుంది చూశారూ, అది చేతికంటే ముందు నడుస్తుంది. ఆ మిషను మీరు చూసే ఉంటారు. పైనో చక్రం, కిందో చక్రం, వాటి మీద పట్టీ మాదిరి రంపం గిరగిరా తిరుగుద్ది. అది అటూ ఇటూ ఊగకుండా రెండు పక్కలా రెండు దిమ్మెలు కాపు కాస్తాయనుకోండి. ఆముదంలో నానేసిన తుమ్మ దిమ్మెలు. వాటిని చెక్కేది ఎవరు, అంకాచారి బావ భద్రాచారి, అంటే అక్క ఈశ్వరమ్మ మొగుడు. రంపానికి ఆకురాయి పట్టి పదును పెట్టేదీ, కోత తిన్నగా పోయేట్టు పళ్ళు ఒకటి ఇటూ ఒకటి అటూ వంచేదీ కూడా ఆయనే. అమాసనాడు వాళ్ళు పని ముట్టరు గదా, ఆ రోజు దిమ్మెలు ఊడదీసి, అరిగిన మొహాలు చదును చేసి, పనిముట్లన్నీ కడిగి, కామాక్షమ్మ పటం ముందు పెట్టి పసుపూ కుంకం పెడతారు. ఎవరి పనిముట్టు వాళ్ళే పెట్టాల, ఒకళ్ళది ఒకళ్ళు పెట్టగూడదు.

ఏమైందంటే, ఈ అంకాచారి గుంటూరు పోయి ఒక కొట్లో ఇనప దిమ్మెలు చూశాడంట. నున్నగా నిగనిగలాడతా ఉన్నాయంట. ఇవి అరగవయ్యా, అమాస అమాసకీ ఊడదీసే బాధ లేదు అన్నాడంట కొట్టాయన. ఇంకోటి కూడా చెప్పాడంట, ఇవి కొయ్య దిమ్మెలు కాదు, రంపానికి ఆనించి బిగించమాక, కాగితమంత సందు వదులు, పళ్ళ మీదికి రానీకుండా వెనకే ఆపు అని. వింటేనా! నేను పుట్టిందే రంపప్పొట్టులో, ఈయనా నాకు చెప్పేది అనుకున్నాడంట. తెచ్చి, తుమ్మవి పీకి, ఇనపవి అలవాటు చొప్పున రంపానికి ఆనించి, పళ్ళ మీదికి తోసి బిగించాడు, అందులో కుడిది మరీ గట్టిగా. కొయ్యకి పళ్ళు తగిల్తే కొయ్యే తెగి దారిస్తుంది. ఇనుము ఇస్తుందా? బావని మాటమాత్రం అడగలా. ఆయన చూసి, బాగున్నాయిరా అని, తన తుమ్మ దిమ్మెలు గుడ్డలో కట్టుకుని షెడ్డు మూల పెట్టుకున్నాడంట.

ఆ మర్నాడే రంగనాయకులని ఒక ఆసామి టేకు మాను తెచ్చాడు, సింహద్వారానికి. ముహూర్తం దగ్గర పడిందంట. అంకాచారి గీత గీసి మిషను మీద పెట్టాడు. గీత వెంబడి పోవాల్సిన రంపం ఎడమకి లాగింది. సరిచేశాడు, మళ్ళీ లాగింది. చూస్తుండగానే మాను పాము మెలిక తిరిగినట్టు తెగి ఊరుకుంది. రంగనాయకులు ఒకటే కేకలు. రోడ్డున పోయేవాళ్ళంతా చేరారు. మిషను ఆపి రంపం చూస్తే కుడిపక్క పళ్ళు వంపు లేకుండా చదునుగా ఉన్నాయంట. తప్పు తనదని అంకాచారికి అప్పటికి తెలవదు, అది నిజం. తెలుసుకుందామని చూడనూ లేదు, అదీ నిజమే. బావ పక్కనే పీట మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని చూపించి అంత మందిలో అనేశాడు.

"మా బావకి చూపు ఆనట్లేదయ్యా. ఒకపక్క పళ్ళు వంచి ఒకపక్క వదిలేశాడు. ఈ వయసులో ఇంట్లో కూర్చోవాల గానీ, రంపం ముట్టుకోగూడదు."

భద్రాచారి లేచొచ్చి పళ్ళ మీద వేలు పెట్టి తడిమాడు. కుడిపక్క చదునే. వంచానే అనుకున్నాడంట మనసులో, మళ్ళీ ఏమోలే, వంచాననుకున్నానేమో అనుకున్నాడంట. ఆకురాయి గుడ్డతో తుడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు. అంతే, మళ్ళీ రాలా.

రంపాన్ని అంకాచారి టౌనుకి పంపి పళ్ళు కొత్తగా వంపించుకొచ్చాడు. బిగించి వేస్తే కాసేపు బాగానే కోసి, మళ్ళీ ఎడమకి లాగింది. ఈసారి కుడి దిమ్మె దగ్గర నిప్పురవ్వ కనపడింది. ఊడదీసి చూస్తే ఇనుము మీద గాడి పడి మెరుస్తా ఉంది. కొత్తగా వంచిన పళ్ళు, అప్పుడే చదునయ్యాయి. కొట్టాయన మాట అప్పుడు గుర్తొచ్చింది. పొట్టు మీదే కూలబడ్డాడంట. మరి లేచి బావ ఇంటికి పోవాల గదా? పోలా. రంపం పళ్ళు మళ్ళీ టౌనులో వంపించుకొచ్చి, మూలనున్న తుమ్మ దిమ్మెలు తీసి గుట్టుచప్పుడు కాకుండా బిగించి, ఇనపవి పొట్టులో పూడ్చేశాడు. కోత చక్కగా వచ్చింది. వచ్చినోళ్ళంతా ఏమన్నారో తెలుసా, ముసలాయన్ని మానిపించి మంచి పని చేశావు అంకయ్యా, కోత బాగుపడింది అని. ఆ మాట విని తలకాయ ఊపాడు చూడండీ, అది తప్పు మీద తప్పు. రాత్రిళ్ళు అన్నం సయించేది కాదంట. సయించదు మరి.

అమాసొచ్చింది. పనిముట్లు కడుగుతుంటే ఈశ్వరమ్మ వచ్చింది, కొంగులో ఆకురాయి పట్టుకుని. అమ్మవారి ముందు మీ బావ పేరు చెప్పి పెట్టి, ఆ తర్వాత ఎవరికన్నా ఇచ్చెయ్యిరా, ఆయనకింక అక్కర్లేదంట అంది. ఇంకా ఏం చెప్పిందంటే, మెట్టు దిగాలంటే నా చెయ్యి అడుగుతున్నాడురా, కంచంలో కూరేదో నన్నే అడుగుతున్నాడు, నాకు చూపు లేదని మా బావమరిది కనిపెట్టాడు, నాకే తెలవలేదు అంటున్నాడు అంది. ఏడవలేదంట, మామూలుగానే చెప్పిందంట.

అంకాచారి ఇనప దిమ్మె తవ్వి తీసుకుని అక్క వెంట నడిచాడు. బావ కాళ్ళ దగ్గర కూర్చుని, తప్పు నాది బావా, నీ చూపుకేం కాలేదు అన్నాడు. ఆయన నవ్వాడంట. నా మనసు కష్టపడిందని అంటున్నావులేరా, నేను చేత్తో తడిమి చూసుకున్నాగా అన్నాడు. ఎంత చెప్పినా అదే మాట. అప్పుడు దిమ్మె ఆయన చేతిలో పెట్టి, బొటనవేలు తీసి ఆ గాడి మీద పెట్టాడు. ఆయన తడిమాడు. వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఇది నీకెప్పుడు తెలిసిందిరా?"

"నువ్వు మానేసిన వారానికే, బావా."

భద్రాచారి, ఈశ్వరమ్మ చెయ్యి అందిస్తే వద్దని, తనే లేచి, మెట్టు దిగి, ఎండలో ఒక్కడే షెడ్డుకి నడిచాడు. ఆకురాయి తీసుకుని తనే కామాక్షమ్మ ముందు పెట్టాడు.

ఇప్పుడు మళ్ళీ పనిలోకి వస్తున్నాడులే. ఆయన మర్చిపోయాడు గానీ, ఈశ్వరమ్మ మర్చిపోలా. అందరికీ టీ చేతికిస్తుంది, తమ్ముడి గ్లాసు మాత్రం బల్ల మీద పెట్టి పోతుంది. ఆ ఇనప దిమ్మెలు రెండూ షెడ్డు గుమ్మానికి వేలాడేసి ఉంటాయి. ఇదేందని అడగాల్సిన పని లేదు, కొయ్య తెచ్చిన ప్రతివాడికీ అంకాచారే చెప్తాడు, మొదట చెప్పింది రంగనాయకులుకే. మొన్న మంచం కోళ్ళకని నేనూ పోయా. విన్నానులేరా, ఊరంతా విన్నది, కొయ్య కొయ్యి అన్నా. అయినా విను పిన్నమ్మా అన్నాడు. తలొంచుకుని మొత్తం చెప్పి, అప్పుడు గానీ మిషను వెయ్యలా.