జాబితాలో లేని ఏప్రన్

ఇల్లవారా కొండల కింద ఆవులకొట్టం. ఆవులతో సహా భూమిని అమ్మేసి భర్త బంగారు గనులకు వెళ్ళిపోయిన మూడోనాడు, కొన్నవాడు జాబితా పట్టుకుని వచ్చాడు. ఆవు పక్కన పీట మీద కూర్చున్న ఆమె తల కూడా ఎత్తలేదు.

“ఆవులు పద్దెనిమిది, వెన్న చిలికే పీపా, మీగడ తీసే పళ్ళేలు ముప్పై. అన్నీ నావేనమ్మా. నువ్వింకా ఇక్కడేం చేస్తున్నావు?”

“కనబడట్లేదా? పాలు పితుకుతున్నాను.”

“మీ ఆయన సంతకం పెట్టాడు.”

“ఆయన ఒక్కనాడైనా పొదుగు ముట్టాడేమో ఈ ఆవు బ్లాసమ్‌నే అడగండి.”

“ఆ పీట ఇటివ్వు. నాకు పితకడం రాదనుకున్నావా?”

ఆమె లేచి పీట జరిపింది.

“ఇదేంటి, ఎంత లాగినా పాలు చేపదేం?”

“కొత్త చేతికి చేపదు. అయిదేళ్ళుగా నా ఏప్రన్ వాసన తగిలితేనే చేపుతున్నాయి.”

“అయితే అది విప్పి ఇటివ్వు.”

“మీ జాబితాలో ఉందా?”

అతను కాగితం రెండువైపులా తిప్పి చూశాడు.

“లేదు... ఎంతకిస్తావు?”

“అమ్మను. నేనిక్కడే ఉంటాను, వెన్నలో సగం నాది.”

“సగమా! ఒప్పుకోకపోతే?”

“పొద్దెక్కుతోంది, పద్దెనిమిది పొదుగులూ రాళ్ళవుతున్నాయి. ఒప్పుకోకపోతే ఆ కాగితాన్నే పితుక్కోండి.”